మూడో నెల దాకా

తెల్లారకముందే బాత్రూములో కోడలు వాంతి చేసుకుంటున్న చప్పుడు వినబడితే బుచ్చమ్మ పడుకున్న మంచం మీదే చేతులు జోడించింది. ఒకసారి అయితే తిన్నది పడలేదనుకోవచ్చు. కాసేపాగి మళ్లీ వినబడింది. నల్లా తిప్పిన చప్పుడు, పుక్కిలించి ఉమ్మిన చప్పుడు. ఆమె లేచి కూర్చుని, గోడకున్న ఎల్లమ్మ పటం వైపు తిరిగి, ఈసారన్నా నిలబెట్టు తల్లీ అనుకుంది.

నవీన గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. నిన్న బండి మీద తిన్న మిర్చి బజ్జీ పడనట్టుందని చెప్పింది. బుచ్చమ్మ కొంగుతో కోడలి నుదురు తుడిచి, కూర్చోబెట్టి, స్టవ్ మీద నీళ్లు పెట్టింది. నీళ్లు కాగేలోపు అడగాలనుకున్నది అడిగేసింది.

"బయట కూసున్నవా బిడ్డా, ఈ నెల?"

"సక్కగ ఎక్కడైతున్నది అత్తమ్మ. ఎప్పుడన్న ఇంత కనపడుతది, పోతది. దవాఖానల కడిగినప్పటి సంది గట్లనే ఉన్నది."

బుచ్చమ్మ తల ఊపింది. కొడుకు సురేందర్ కడుపున పడ్డప్పుడు తనకూ మొదట్లో కొంచెం కొంచెం కనబడేది. ఆ మాట కోడలికి చెప్పలేదు. చాయ్ చేతికిచ్చి, షాపుకు పోవద్దని, పడుకోమని చెప్పి హాస్టల్‌కు బయలుదేరింది.

మైత్రీవనం వెనక సందులో వరలక్ష్మి నడిపే ఆడపిల్లల హాస్టల్‌లో బుచ్చమ్మ వంట చేస్తుంది. పిల్లలందరూ ఏదో ఒక కోర్సు నేర్చుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఏడు గంటల క్లాసులకు పోయేవాళ్లు ఆరున్నరకే పళ్లేలు పట్టుకుని నిలబడతారు. ఆమె పెద్ద బాండలిలో రవ్వ వేయించింది. అడుగంటకుండా రెండు చేతులతో గరిటె తిప్పుతుంటే భుజాలు లాగుతాయి. రోజూ ఆ నొప్పికి ఒకసారైనా ఆగేది. ఇవాళ ఆగలేదు.

వరలక్ష్మి కాఫీ గ్లాసుతో వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. భీమవరం వైపు మనిషి. పదిహేనేళ్ల కిందట వచ్చి ఈ హాస్టల్ పెట్టింది. మాట కరుకే గాని, రెండు నెలల కిందట నవీనకు రక్తం పోతుంటే తన కారులో పంజాగుట్టలోని దవాఖానకు తీసుకుపోయింది ఆమే. స్కానింగ్ గది బయట బుచ్చమ్మ పక్కన కూర్చున్నదీ ఆమే. లోపల బిడ్డ లేదని, మాయ ఒక్కటే తప్పుగా పెరిగి నీటి బుడగలు గుత్తులు గుత్తులుగా నిండిపోయాయని, దీన్ని ముత్యాల గర్భం అంటారని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఇద్దరూ కలిసి విన్నారు. ఎంతెంత ఉంటాయమ్మా ఆ బుడగలు అని వరలక్ష్మి అడిగింది. కొన్ని సగ్గుబియ్యమంత, కొన్ని ద్రాక్షపండంత అన్నది డాక్టరమ్మ. ఆనాటి నుంచి హాస్టల్‌లో ఎవరి పుట్టినరోజు వచ్చినా బుచ్చమ్మ సగ్గుబియ్యం ముట్టకుండా సేమ్యా పాయసమే చేస్తున్నది.

నవీన ఈ వారం పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చిందా అని వరలక్ష్మి అడిగింది. ఇచ్చి వచ్చిందని బుచ్చమ్మ రవ్వ వైపు చూస్తూ చెప్పింది. ఎందుకు అబద్ధం వచ్చిందో ఆమెకే తెలియలేదు. కిందటి వారమూ పోలేదు, అంతకు ముందు వారమూ పోలేదు. ఒకసారి షాపులో పని ఉందన్నది నవీన. ఇంకోసారి, ప్రతివారం గింత గింత రక్తం తీస్తే పిల్ల ఎట్ల కోలుకుంటదని బుచ్చమ్మే ఆపింది.

పని అయిపోయాక ఆమె మామూలుగా పోయే సందులో కాకుండా పెద్ద రోడ్డు మీదుగా నడిచింది. తెలిసినవాళ్లు లేని మందుల షాపు చూసుకుని, హాస్టల్ పిల్లలు ఎవరూ లేనప్పుడు మెట్లెక్కి, కడుపు సంగతి చూసుకునే పట్టీ ఒకటి ఇమ్మని మెల్లగా అడిగింది. షాపతను పాత పేపరులో చుట్టి ఇచ్చాడు. దాన్ని రవికలో దోపుకుని ఇంటికి వచ్చింది.

నవీన మొదట వద్దన్నది. తాము జాగ్రత్తగానే ఉంటున్నామని, అలా జరిగే వీలు లేదని సిగ్గుపడుతూ చెప్పింది. ఆ తర్వాత పట్టీ తీసుకుని బాత్రూములోకి పోయింది. బుచ్చమ్మ తలుపు బయట నిలబడింది. కింద ఇంటివాళ్ల కుక్కరు ఈల వేసింది. తలుపు తెరుచుకుంది. నవీన పట్టీని అరచేతిలో పెట్టుకుని వచ్చి కిటికీ దగ్గర వెలుతురులో చూపించింది. రెండు గీతలు. రెండోది మొదటిదాని కన్నా ఎర్రగా ఉంది.

నవీన ముఖంలోకి సంతోషం రావడం, రాబోయి ఆగిపోవడం బుచ్చమ్మ చూసింది. రెండు నెలలుగా ఆ పిల్ల నవ్వలేదు. జిరాక్స్ షాపులో కాగితాలు పెట్టి తీసే యంత్రంలాగా లేచి, పోయి, వచ్చి, పడుకునేది. ఇప్పుడు పట్టీని వెలుతురుకు తిప్పి తిప్పి చూస్తున్నది.

"దవాఖానల చెప్పాలె గద అత్తమ్మ. ఆర్నెల్లు కడుపు రావద్దన్నరు."

"చెప్దాం. మూడో నెల నిండనీ. అప్పటిదాంక ఎవ్వలకు చెప్పొద్దు. మీ అమ్మకు సుత."

"వాళ్లు డాక్టర్లు..."

"డాక్టర్లయితే ఏంది, మనింటోళ్లా? బయటోళ్ల నోట్లె పడ్డంక నిలుస్తదా? మొన్న ఎంతమందికి చెప్పుకున్నం, ఏమైంది?"

మొదటిసారి కడుపు వచ్చిందని తెలియగానే షాపులో మిఠాయి పంచింది నవీనే. అప్పుడు అత్తమ్మ వద్దంటే నవ్వింది. ఆ మిఠాయి సంగతి దవాఖాన నుంచి వచ్చిన రోజు నుంచి ఆమె లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. పట్టీని పేపరులో మళ్లీ చుట్టి బీరువాలో చీరల కింద పెట్టింది.

సురేందర్ సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. సాయంత్రం వచ్చి, గోళ్లలో ఇరుక్కున్న నూనె మరకలు సబ్బుతో రుద్దుకుంటుండగా తల్లి చెప్పింది. అతను సబ్బు చేతులతోనే వెనక్కి తిరిగి భార్య వంక చూశాడు. డాక్టరమ్మ ఆర్నెల్లు ఆగమన్నది గదా అన్నాడు.

"నువ్వు పుట్టేటప్పుడు ఏ డాక్టరమ్మ పర్మిషన్ తీసుకున్నరా నేను?" అన్నది బుచ్చమ్మ.

అతను నవ్వాడు. నవీన కూడా నవ్వింది. ఆ నవ్వు విన్నాక బుచ్చమ్మకు ఇంక ఏ అనుమానమూ మిగల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. లేత్ చప్పుడులో సురేందర్‌కు వినబడదని, షాపులో ఫోన్ పట్టుకుంటే నవీన ఓనరు ఊరుకోడని మొదటిసారి చేర్చినప్పుడు బుచ్చమ్మ నంబరే రాయించారు. నవీన తలంటు పోసుకుంటున్నది. బుచ్చమ్మ ఫోన్ తీసుకుని మెట్ల మీదికి పోయింది.

అటువైపు సుష్మిత అనే నర్సు. ఓపికగల పిల్ల. నవీన రెండు వారాలుగా రాలేదని చెప్పింది. తీసేసిన తర్వాత రక్తంలో గర్భం తాలూకు అంకె వారం వారం తగ్గుతూ రావాలని, మొదట్లో బాగానే తగ్గిందని, ఆఖరిసారి మాత్రం తగ్గకపోగా పెరిగిందని, మేడం గారు వెంటనే రమ్మన్నారని చెప్పింది.

పెరిగింది అన్న మాట దగ్గర బుచ్చమ్మ చెవి ఆగిపోయింది. కడుపు వచ్చినప్పుడు పెరిగేదే గదా ఆ అంకె. దవాఖాన వాళ్ల యంత్రమే చెబుతున్నది. అయితే ఆనాటికే వచ్చేసిందన్నమాట. ఆమెకు ఆ నర్సు పిల్లతో చెప్పేయాలనిపించింది, నోటి దాకా వచ్చింది. మెట్ల కింద ఇంటావిడ బట్టలు ఆరేస్తున్నది. చెబితే వాళ్లు రమ్మంటారు, పరుపు మీద పడుకోబెట్టి మళ్లీ లోపల చూస్తామంటారు, ఆర్నెల్లు వద్దన్నాము గదా అని తిడతారు, తీసేద్దామంటారు. తీసేద్దామంటే?

"పిల్ల ఊరికి పోయింది బిడ్డా. తల్లిగారింటికి. ఇప్పట్ల రాదు" అన్నది.

ఎప్పుడొస్తుందని నర్సు అడిగింది. వచ్చినాక మేమే వస్తామని బుచ్చమ్మ ఫోన్ పెట్టేసింది. చేతిలో ఫోన్ వేడిగా ఉంది. ఇంట్లోకి వచ్చేసరికి నవీన తల తుడుచుకుంటూ ఎవరని అడిగింది. హాస్టల్ నుంచి అని చెప్పింది.

ఆ సాయంత్రం బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయింది. మంగళవారం కాబట్టి వరస పొడుగ్గా ఉంది. నెలలు నిండినవాళ్లు, చంకన బిడ్డలున్నవాళ్లు, ఏమీ లేనివాళ్లు. తన వంతు వచ్చినప్పుడు ఆమె బిడ్డనిమ్మని అడగలేదు. ఇచ్చావు గదా, నిలబెట్టు, పురుడు పోసుకుని లేచిన రోజు కోడలి చేత నీకు ఒడిబియ్యం పోయిస్తా అన్నది. బొట్టు పెట్టుకుని బయటికి వచ్చేటప్పుడు అబద్ధాలు గుర్తొచ్చాయి, ఒకటి వరలక్ష్మికి, ఒకటి నర్సుకు. ఒక ప్రాణం కోసం చెప్పిన అబద్ధాలను తల్లి లెక్కపెట్టదులే అనుకుంది. అనుకుని, ఆ మాట తల్లి చెప్పిందా, తనే చెప్పుకుందా అని గుడి ముందు చెప్పులు వెతుక్కుంటూ ఒక నిమిషం ఆలోచించింది. చెప్పులు దొరికాయి. ఆలోచన అక్కడితో ఆగింది.

ఆ తర్వాతి రోజుల్లో నవీన షాపుకు పోలేదు. కాళ్లు కింద పెట్టనివ్వలేదు బుచ్చమ్మ. హాస్టల్ నుంచి వస్తూ ఒకరోజు దానిమ్మపండు, ఒకరోజు పచ్చి మామిడికాయ తెచ్చింది. నవీనకు దగ్గు పట్టుకుంది. కింద రోడ్డు తవ్వుతున్న దుమ్మని ముగ్గురూ అనుకున్నారు. మిరియాల కషాయం కాచబోయి, వేడి చేస్తుందేమోనని బుచ్చమ్మ ఆ గిన్నె దించేసి పాలలో పసుపు వేసి ఇచ్చింది. రాత్రుళ్లు దగ్గు వినబడితే తన మోకాళ్ల నొప్పికి ఉన్న తైలం తెచ్చి కోడలి వీపుకు రాసేది. ఆ వీపు మీద ఎముకలు చేతికి తగులుతున్నాయి. మొదటి నెలల్లో చిక్కడం మామూలే అని చెప్పేది, కోడలికో తనకో.

ఒకరోజు వీపుకు తైలం రాయించుకుంటూ నవీన, అత్తమ్మా, నిజంగనే లోపల ఉన్నదంటవా అని అడిగింది. బుచ్చమ్మ చెయ్యి ఆపకుండా, పట్టీ చూసినవు గదా అన్నది.

"చూసిన. మొదటిసారి సుత గట్లనే చూసిన" అన్నది నవీన.

బుచ్చమ్మ తైలం సీసా మూత పెట్టి, లైటు తీసింది.

శనివారం పొద్దున బుచ్చమ్మ హాస్టల్‌లో ఇడ్లీ రేకులు పొయ్యి మీద పెడుతుండగా సురేందర్ ఫోన్ చేశాడు. ఆమె రేకులు అట్లాగే వదిలి, వరలక్ష్మికి ఒక్క మాట చెప్పి, చెప్పులు చేతిలో పట్టుకునే ఉరికింది. ఇంటికి పోయేసరికి నవీన బాత్రూము గడప మీద కూర్చుని ఉంది. నైటీ మోకాళ్ల కింద దాకా తడిసిపోయింది. నేల మీద నీళ్లు పోసినా ఎరుపు పోలేదు. సురేందర్ ఆమె భుజం పట్టుకుని ఆటో నంబరు కోసం ఫోన్‌లో వెతుకుతూ ఏమీ కనిపించక మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు.

నవీన దగ్గింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, తీసి చూసుకుంది. అది అత్తకు కూడా చూపించింది. ఉమ్మితో పాటు ఎర్రటి చారలు.

"కడుపుల నుంచి పోతే కడుపు పోయిందనుకుంట అత్తమ్మ. గీ దగ్గులకెంచి ఎందుకొస్తున్నది?"

బుచ్చమ్మ వంగి కోడలిని లేపింది. ఆ బరువు ఆమె అనుకున్నదాని కన్నా చాలా తక్కువగా ఉంది.

ఆటో అమీర్‌పేట దాటి మెట్రో స్తంభాల మధ్య పంజాగుట్ట వైపు ఆగుతూ ఆగుతూ పోయింది. ఆగిన ప్రతిసారీ సురేందర్ బయటికి తల పెట్టి ముందున్న బండ్లను చూశాడు. బుచ్చమ్మ ఒడిలో పాత చీర మడతలు పెట్టుకుని కూర్చుంది. ఒకటి తడిస్తే ఒకటి ఇచ్చింది. తల్లీ అని కూడా అనుకోలేకపోయింది. ఏమని అడగాలో తెలియలేదు.

దవాఖానలో స్కానింగ్ చేశారు, రక్తం తీశారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. రక్తస్రావం ఆగడానికి సూది వేశారు. మధ్యాహ్నం దాటాక డాక్టర్ వసుమతి ముగ్గురినీ లోపలికి పిలిచింది. నవీనను చక్రాల కుర్చీలో తెచ్చారు. డాక్టరమ్మ యాభై దాటిన మనిషి, జుట్టుకు రంగు వేయదు. ఎక్స్‌రేను వెలుతురు పెట్టె మీద పెట్టి, పెన్ను మూతతో ఊపిరితిత్తుల మీద రెండు చోట్ల చూపించింది. తెల్లటి చిన్న గుండ్రాలు.

గర్భసంచిలో బిడ్డ లేదని ముందుగా చెప్పింది. ఇప్పుడూ లేదు, కొత్తగా రాలేదు. అప్పుడు తీసేసిన దాని తాలూకు కణాలు కొన్ని లోపల అతుక్కుని ఉండిపోయి మళ్లీ పెరిగాయి, రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా పోయాయి. పదిమందిలో ఒకరికో ఇద్దరికో అట్లా జరుగుతుంది. జరుగుతుందో లేదో తెలుసుకోవడానికే వారం వారం రక్తం అడిగేది. ఇది కాన్సర్ లాంటిదే, కాని మందులకు బాగా లొంగేది. ఇవాళే చేర్చుకుని సూదులు మొదలుపెడతాం అన్నది.

"పట్టీ మీద రెండు గీతలు వచ్చినయమ్మా" అన్నది బుచ్చమ్మ.

"వస్తాయమ్మా. గర్భం వచ్చినప్పుడు మాయ నుంచి ఒక పదార్థం రక్తంలోకి వస్తుంది. పట్టీ చూసేది దాన్నే. ఈ జబ్బులో కూడా అదే పదార్థం వస్తుంది. వాంతులు కూడా దానివల్లే. పట్టీకి బిడ్డ కనపడదు."

బుచ్చమ్మ తన రెండు చేతుల వంక చూసుకుంది. ఆ వాంతికి ఆ చేతులనే జోడించింది.

డాక్టరమ్మ కంప్యూటర్‌లో తారీఖులు చూసింది. ముఖం మారింది. వారం కిందట వచ్చి ఉంటే బహుశా ఛాతీ దాకా పోకముందే పట్టుకునేవాళ్లం, ఎందుకు రాలేదు అని నవీనను అడిగింది. నవీన తల వంచుకుంది. చదువుకున్న పిల్లవు, నీకు ఒకటికి రెండుసార్లు చెప్పాను గదా అన్నది డాక్టరమ్మ. తలుపు దగ్గర నిలబడ్డ సుష్మిత అప్పుడు, తాను ఫోన్ కూడా చేశానని చెప్పింది.

"ఎవరో పెద్దావిడ ఎత్తారు మేడం. పేషెంట్ ఊరికి పోయింది, ఇప్పట్లో రాదు అన్నారు."

నవీన తలెత్తి అత్త వంక చూసింది. కోపంగా చూడలేదు. ఒక మాట అర్థం కాకపోతే మళ్లీ చెప్పమన్నట్టుగా చూసి, అర్థమయ్యాక చూపు తిప్పేసుకుంది.

"నేనే చెప్పమన్న మేడం" అన్నది.

బుచ్చమ్మ నోరు తెరిచింది. ఆ తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. సురేందర్ అప్పటికే భార్య మీదికి తిరిగాడు. గంత దూరం వచ్చెదాంక నీకు దిమాగ్ పనిచేయలేదా, నాతోటి ఒక్క మాటన్నా చెప్పినవా అని, దవాఖాన అని కూడా చూడకుండా గొంతు పెంచాడు. డాక్టరమ్మ అతన్ని ఆపింది. బయట కూర్చోమన్నది. బుచ్చమ్మ కొడుకు వెనకనే బయటికి వచ్చింది. రావడం తేలికైంది. ఆ తేలికను తలుచుకుంటే తర్వాత చాలా రోజులు ఆమెకు అన్నం దిగలేదు.

ఆడవాళ్ల వార్డు మూడో అంతస్తులో ఉంది. మగవాళ్లను ఉండనివ్వరు. రోగి దగ్గర ఒక ఆడమనిషి ఉండవచ్చు. బుచ్చమ్మ సురేందర్‌ను ఇంటికి పంపి, రెండు దుప్పట్లు, గ్లాసు, దువ్వెన తెప్పించుకుంది. మంచం కింద సంచి సర్దుకుంటుండగా సుష్మిత మెడలో వేసుకునే పాసు తెచ్చి, రోగి దగ్గర ఎవరుంటున్నారని అడిగింది.

"మా అమ్మ వస్తది" అన్నది నవీన, కళ్లు తెరవకుండానే. "పొద్దుగాల్ల బస్సుకు."

ఇవాళ రాత్రికి అని అడిగింది సుష్మిత.

"ఇయ్యాల ఎవ్వలు వద్దు. నేనుంట."

మీ అత్తగారు ఉన్నారు గదా అని నర్సు బుచ్చమ్మ వంక చూసింది. నవీన కళ్లు తెరిచి పైకప్పు వైపు చూస్తూ, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద పడుకోలేదు, ఇంటికి పోతది అన్నది. అందులో అబద్ధం ఏమీ లేదు. బుచ్చమ్మ సంచిలోంచి తన దుప్పటి ఒక్కటే తీసుకుని, కోడలి దుప్పటి మంచం కాళ్ల దగ్గర మడిచి పెట్టి, గ్లాసు చేతికి అందేటట్టు జరిపి, మెట్లు దిగింది. లిఫ్ట్ ఉన్న సంగతి కిందికి వచ్చాక గుర్తొచ్చింది.

నవీన తల్లి నాగేశ్వరి మర్నాడు జగిత్యాల నుంచి వచ్చింది. సూదులు మొదలయ్యాయి. ఒకరోజు సూది, ఒకరోజు ఆ సూది విషాన్ని విరిచే మాత్రో సూదో. బుచ్చమ్మ హాస్టల్‌లో పని మానలేదు. వరలక్ష్మి మొదటి రోజే సంగతంతా అడిగింది. బుచ్చమ్మ జబ్బు సంగతి చెప్పింది, ఫోన్ సంగతి చెప్పలేదు. ఎప్పటికప్పుడు వెళ్లి రక్తం ఇస్తూనే ఉంది గదా మరి, ఎలా ముదిరింది అని వరలక్ష్మి ఆశ్చర్యపోయింది. బుచ్చమ్మ కుక్కరు మూత బిగిస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం పని అయ్యాక ఇంటికి పోయి, కోడలికి ఇష్టమైనవి వండి, డబ్బా కట్టుకుని దవాఖానకు పోయేది. పైకి పోవడానికి పాసు ఒక్కటే, అది నాగేశ్వరి మెడలో ఉంది. అందుకని కింద గేటు లోపల బెంచీ మీద కూర్చునేది. నాగేశ్వరి దిగి వచ్చి డబ్బా తీసుకుని పోయేది. మొదటి రోజు పచ్చిపులుసు, వెల్లిపాయ కారం పంపింది. డబ్బా పోయినట్టే తిరిగి వచ్చింది. రెండో రోజు సర్వపిండి పంపింది. అదీ తిరిగి వచ్చింది. బెంచీ మీద కూర్చునే డబ్బా మూత తీసి చూసింది. ఒక్క అంచు కూడా తుంచలేదు. తినలేకపోయిందా, తినొద్దనుకుందా? నాగేశ్వరిని అడగవచ్చు. అడగలేదు.

ఆ రాత్రి దీపం పెట్టి కూర్చుంటే ఎల్లమ్మతో చెప్పుకోవడానికి మాటలు దొరకలేదు. నీ పేరు పెట్టుకుని నేను నా ఇష్టం చేసిన, నువ్వు అడ్డం చెప్పకపోతివి అనుకుంది. అనుకున్నాక, నర్సు పిల్ల ఫోన్ చేసింది గదా, డాక్టరమ్మ ముందే చెప్పింది గదా, కోడలు తన నోటితోనే రెండుసార్లు అడిగింది గదా, ఇంకెట్లా చెప్పాలి తల్లి అని ఆమెకే తోచింది. వత్తి సన్నగా కాలుతున్నది. నూనె పోసింది.

మూడో రోజు సురేందర్ పని నుంచి నేరుగా దవాఖానకు వచ్చాడు. గేటు లోపల బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. బుచ్చమ్మ ఒడిలో డబ్బా ఉంది. నాగేశ్వరి కళ్లు ఉబ్బి ఉన్నాయి, కొంగుతో చెమట తుడుచుకుంటున్నది. నవీన ఎట్లా ఉన్నదని సురేందర్ అడిగి, జవాబు వినకుండానే మొదలుపెట్టాడు. చదువుకున్నది గదా అత్తమ్మ మీ బిడ్డ, గంత పెద్ద జబ్బు అని తెలిసి ఊరికి పోయినట్టు ఫోన్‌లో అబద్ధం చెప్పించింది, గిట్ల చేసేటోళ్లు ఉంటరా, ఇప్పుడు ఛాతీ దాకా వచ్చింది, రేపు ఏమన్నా అయితే మేం ఏం చేయాలె అన్నాడు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది. కాని మాట మాటే. నాగేశ్వరి అల్లుడి ముందు తల వంచుకుని, చిన్నప్పటి సంది గట్లనే బిడ్డా, మొండిది, తప్పయింది అన్నది.

బుచ్చమ్మ ఆ వంగిన తల చూసింది. పాపిట్లో తెల్ల వెంట్రుకలు, ప్రయాణంలో వాడిపోయి తీయడం మరిచిన పూలు.

"ఫోన్ల చెప్పింది నేను" అన్నది.

సురేందర్ తిరిగాడు.

"దానికి తెల్వదు. తానం చేస్తుండె. నర్సు పిల్ల రమ్మంటే, పెరిగింది తొందరగ తీసుకరమ్మంటే, నేనే ఊరికి పోయిందని చెప్పిన. కడుపొచ్చిందనుకున్న. మూడో నెల దాంక ఎవ్వలకు తెల్వద్దనుకున్న. డాక్టరమ్మ ముందల అది నన్ను కాసింది. నేను ఊకున్న."

సురేందర్ ఏదో అనబోయి లేచి నిలబడ్డాడు. తల్లి వంక చూసి, నాగేశ్వరి వంక చూసి, గేటు బయటికి నడిచాడు. ఫ్లైఓవర్ కింద నిలబడ్డ బండ్ల మధ్యలోకి అతని చొక్కా కలిసిపోయేదాకా బుచ్చమ్మ చూసింది.

నాగేశ్వరి బెంచీ ముందు నేల మీద ఎవరో పారేసిన చీటీ ముక్క వైపు చూస్తూ కూర్చుంది. లోపలి నుంచి ఎవరినో పేరు పెట్టి పిలిచారు. ఒక ముసలాయన లేచి పోయాడు. చూడడానికి వచ్చినవాళ్ల టైము అయిపోయిందని గేటు దగ్గరి మనిషి కేక వేస్తే, ఆమె లేచి పాసు సరిచేసుకుని, డబ్బా తీసుకోకుండానే లిఫ్ట్ వైపు నడిచింది.

బుచ్చమ్మ డబ్బాను ఒడిలోంచి తీసి పక్కన పెట్టింది. తిరిగి సంచిలో పెట్టుకోవడానికి చేతులు రాలేదు.

లిఫ్ట్ ముందు నలుగురు నిలబడ్డారు. నాగేశ్వరి వాళ్ల వెనక నిలబడింది. లిఫ్ట్ వచ్చింది, వాళ్లు ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. నాగేశ్వరి ఎక్కలేదు. వెనక్కి వచ్చి బెంచీ ముందు నిలబడింది. డబ్బా వంక చూసింది, బుచ్చమ్మ వంక చూడలేదు.

"దానికి నోరంత పుండ్లయినయి వదినె, సూదులకు. నిన్న నీళ్లు తాగినా ఏడ్చింది. గీ దాంట్లె కారం ఏసినవా?"

"ఏయలే" అన్నది బుచ్చమ్మ. "సల్ల అన్నం. మెత్తగ పిసికిన. ఉప్పు సుత తక్కువనే ఏసిన."

నాగేశ్వరి మూత కొంచెం తీసి వాసన చూసింది. మళ్లీ గట్టిగా నొక్కి మూసి, డబ్బా పట్టుకుని మెట్ల వైపు పోయింది.